మాట్లాడిన వాళ్ళ పేర్లు

మన తెలుగువాళ్ళం ఒక మంచి మాటకి తీరని అన్యాయం చేశాం. "శిక్ష" అన్న మాట ఉంది చూశారూ, సంస్కృతంలో దానికి నేర్పడం, చదువు చెప్పడం అని అర్థం. వేదాంగాలు ఆరింటిలోనూ శిక్ష ఒకటి. అక్షరాన్ని ఎలా పలకాలో చెప్పే శాస్త్రం అది. హిందీవాళ్ళు ఇవాళ్టికీ చదువుని "శిక్షా" అనే అంటారు. మనం మాత్రం ఆ మాటని పట్టుకొచ్చి జైలుకీ జరిమానాకీ అప్పగించేశాం. అంచేత 2001లో కేంద్ర ప్రభుత్వం "సర్వశిక్షా అభియాన్" అనే పథకం మొదలుపెట్టి, ఆ పేరు బడిగోడలకి ఎక్కినప్పుడు, తెలుగు మాత్రమే వచ్చినవాళ్ళకి కాస్త నవ్వూ, కాస్త భయమూ కలిగాయంటే తప్పు వాళ్ళది కాదు. అందరికీ శిక్షేనట, ఎవ్వరినీ వదలరట!

పాత అర్థం మనకి ఒక్క పెద్దబాలశిక్ష అట్టమీదా, "శిక్షణ" అన్న మాటలోనూ మిగిలింది. ఆ తరవాత ఈ రెంటికీ మధ్య ఇంకో మాట పుట్టించుకున్నాం, క్రమశిక్షణ అని. అది శిక్షకి చుట్టమా, శిక్షణకి చుట్టమా అన్నది నిఘంటువు చూస్తే తేలేది కాదు. ఏ క్లాసులో, ఏ టీచరు చేతిలో పడిందన్న దాన్నిబట్టి తేలుతుంది.

ఈ సంగతి నాకింత పట్టడానికి కారణం మా చిన్నది. ఈ జూన్‌లో అది మూడో క్లాసులోకి వచ్చింది. కొత్త టీచరు వచ్చింది. కొత్త టీచరంటే ఏమిటో తెలియాలంటే ముందు పాత పద్ధతి సంగతి చెప్పాలి.

నల్లబల్లకి కుడిచేతివైపు పైమూల ఒక గడి గీసి, అందులో "మాట్లాడిన వాళ్ళ పేర్లు" అని రాయడం మీ చిన్నప్పుడూ ఉండే ఉంటుంది, నా చిన్నప్పుడూ ఉంది. టీచరు బయటికి వెళ్ళగానే క్లాసు లీడరు చాక్‌పీసు పుచ్చుకుని నిలబడుతుంది. ఆ చాక్‌పీసు ముక్క చేతిలో ఉన్నంతసేపూ ఆ పిల్ల జిల్లా కలెక్టరుతో సమానం. ఒకసారి మాట్లాడితే పేరు, మళ్ళీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ రెండు, ఇంకోసారికి ఇంటూ మూడు. అయితే రాసే చెయ్యే చెరపగలదు కూడాను! ఒక సెంటు రబ్బరో, జామకాయ ముక్కో, పుట్టినరోజు చాక్లెట్లలో రెండోదో చేతులు మారితే పేరు మాయం. లంచం అన్న మాట పిల్లలకి పుస్తకంలో పదో క్లాసుకి వస్తుందేమో గాని, సంగతి మాత్రం రెండో క్లాసులోనే వచ్చేస్తుంది.

పోయిన ఏడు ఒక సాయంత్రం మా చిన్నది ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా గుమ్మంలో కూలబడి ఏడ్చింది. ఆ రోజు దాని పేరు బోర్డెక్కిందట. పీరియడంతా బయట నిలబెట్టారట. "కాళ్ళు నొప్పెట్టాయా తల్లీ?" అన్నాను. దానికి కాళ్ళ ధ్యాసే లేదు.

"నేను మాట్లాడలేదమ్మా. పక్కమ్మాయి మాట్లాడింది. నేను విన్నానంతే."

"ఆ మాట టీచరుతో చెప్పలేకపోయావా?"

"చెబితే అది కూడా మాట్లాడినట్టే కదా!"

ఏడేళ్ళ పిల్ల ఇచ్చిన ఈ జవాబుకి నాకింతవరకూ ఎదురుమాట దొరకలేదు. పెద్దపెద్ద రాజ్యాలు కూలిపోయింది ఈ జవాబు దగ్గరే కదూ? ఆ తరవాత అది క్లాసులో నోరు విప్పడం మానేసింది. అర్థం కాని లెక్క ఉంటే ఇంటికి తెచ్చుకునేది గాని అక్కడ అడిగేది కాదు. ఏడాది చివర ప్రోగ్రెస్ రిపోర్టు వచ్చింది. "ప్రవర్తన" అన్న గడిలో "చాలా బాగుంది" అని రాసి, కింద ఒక నక్షత్రం అంటించారు.

ఇక కొత్త టీచరు. జులైలో పేరెంట్స్ మీటింగుకి వెళ్ళినప్పుడు మొదటిసారి చూశాను. పాతికేళ్ళుంటాయేమో. నూలుచీర, సన్నటి మనిషి, అంతకంటే సన్నటి గొంతు. ఆ గొంతు వెనక బెంచీదాకా వెళ్తుందా అని నా పక్కన కూర్చున్న తల్లులిద్దరు గుసగుసలాడుకున్నారు. వరండాలోంచి చూస్తే బోర్డుమీద ఆ కుడిచేతివైపు గడి లేదు. ఆ చోట పిల్లలెవరో ఏనుగు బొమ్మ గీశారు. ఆవిడ వచ్చిన వారానికే ఆ గడి తుడిచేసిందిట. "ఒకళ్ళమీద ఒకళ్ళు చెప్పడం నాకొద్దు. ఎవరి సంగతి వాళ్ళే చెప్పండి" అందిట.

దాంతో ఏమయింది? క్లాసు గోలగోలగా తయారైంది. అది నేను దాచను. పై అంతస్తు మెట్లెక్కుతుంటేనే చేపలబజారులా వినిపించింది. మీటింగులో ఒకాయన లేచాడు. చాలా మర్యాదస్తుడు. నవ్వుతూనే అన్నాడు, "మేడమ్, మీరు మరీ మెత్తగా ఉంటున్నారు. మావాడికి రెండు తగిలించండి, మేమేం అనుకోం" అని. నలుగురైదుగురు తలలూపారు. ఆ పిల్ల, అదే ఆ టీచరు, ఒక్క క్షణం ఆగి, "మీరిచ్చినా ఆ హక్కు నేను తీసుకోలేనండీ" అంది. గొంతు సన్నగానే ఉంది గాని వెనక బెంచీదాకా వెళ్ళింది.

చట్టం ఆవిడ పక్షానే ఉందనుకోండి. 2009 నాటి విద్యాహక్కు చట్టం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నది, దాని 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నీ, మనసు నొచ్చేలా వేధించడాన్నీ కూడా నిషేధించింది. కానీ నన్ను ఆలోచనలో పడేసింది చట్టం కాదు. ఆయనన్న మాట. "మేమేం అనుకోం." దెబ్బ తినేది ఒకరు, ఏమీ అనుకోని వాళ్ళు ఇంకొకరు! పక్కింటావిడ ఉంగరం నేను తీసి మూడోవారికి దానం చేస్తే లోకం నన్నేమంటుంది? మరి పిల్లవాడి వీపు మనం దానం చెయ్యడానికి మనదేనా? కన్నాం, పెంచుతున్నాం, ఫీజు కడుతున్నాం, అంతా నిజమే. అంతమాత్రాన వాడి ఒంటిమీది నొప్పికి మనం సంతకం పెట్టగలమా? ఇంటికొచ్చేదాకా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

ఇంట్లో మా అత్తగారితో చెప్పాను. ఆవిడ విస్తుపోయారు.

"భయం లేకపోతే చదువెలా వస్తుందమ్మాయ్? మా నాన్నగారికి వీధిబడిలో కోదండం వేశారట తెలుసా! దూలానికి తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని వేళ్ళాడమనేవారట. మమ్మల్ని గోడకుర్చీలు వేయించారు, తొడపాశాలు పెట్టారు. చదువుకోలేదా ఏమిటి? దండం దశగుణం అని ఊరికే అన్నారా?"

మా అత్తగారి మాట తోసెయ్యదగ్గది కాదు. ఆవిడ చెప్పిన బడి మనకి చరిత్రలో కూడా కనిపిస్తుంది. మద్రాసు గవర్నరుగా థామస్ మన్రో ఉన్నప్పుడు, మన పాత బడులెలా ఉన్నాయో కనుక్కోమని కలెక్టర్లందరికీ ఉత్తరువు పంపాడు. బళ్ళారి కలెక్టరు కాంప్‌బెల్ 1823లో జవాబు రాశాడు. బళ్ళారి బడుల్లో అప్పుడు తెలుగూ, కన్నడమూ రెండూ చెప్పేవారు. చదవని పిల్లల్ని చేతులు కట్టి కప్పుకి వేలాడదీసేవారనీ, ఆపకుండా గుంజీలు తీయించేవారనీ అందులో ఉంది. అంతకంటే ఒక చిత్రమైన సంగతి కూడా ఉంది. పొద్దున్నే అందరికంటే ముందు బడికొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడి చేతిలో సున్న చుట్టేవారట, అంటే మెప్పూ లేదు, మందలింపూ లేదని. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ.

చదివి మొదట నవ్వుకున్నాను, సరస్వతిని అరచేతిలో పెట్టించుకున్న పిల్లవాడి గర్వం తలుచుకుని. తరవాత లెక్క కట్టాను. ఆ లెక్కన నలభయ్యోవాడికి ముప్పై ఎనిమిది దెబ్బలు. ఆ నలభయ్యోవాడెవడయి ఉంటాడు? ఊరి చివరి ఇంటివాడేమో. తల్లికి జ్వరం వస్తే నీళ్ళు తోడిపెట్టి వచ్చినవాడేమో. అందరికీ ఒకే సూర్యుడు ఉదయిస్తాడు గాని అందరి ఇళ్ళూ బడికి ఒకే దూరంలో ఉండవు కదా. ఆ లెక్కలో అంకెలన్నీ ఉన్నాయి, "ఎందుకాలస్యమైంది నాయనా?" అన్న ఒక్క ప్రశ్న తప్ప.

మా అత్తగారి వాదంలో నాకు కనిపించే చిక్కు కూడా అదే. సన్మానసభల్లో పెద్దలు చెబుతూంటారు, "మా మాష్టారు తొక్కతీశారు గనకే ఇంతవాణ్ణయ్యాను" అని. నిజమే కావచ్చు. కానీ ఆ దెబ్బలకి జడిసి పుస్తకాల సంచీ మూలపడేసి, గేదెల వెంట పోయినవాడికి సన్మానాలు జరగవు. వాడి చేతికి మైకు రాదు. బెత్తం గొప్పతనం గురించి మనం వినే సాక్ష్యాలన్నీ నెగ్గుకొచ్చినవాళ్ళవే. ఓడిపోయినవాళ్ళ సాక్ష్యం ఎవరూ రాసుకోలేదు.

అలాగని కొత్త టీచరు తప్పు చేసినవాళ్ళని ముద్దుపెట్టుకుని పంపిస్తుందనుకోకండి. ఒకరోజు ఒక కుర్రాడు కోపంలో పక్కవాడి నోటుపుస్తకంలో నాలుగు కాయితాలు చింపేశాడట. పాత పద్ధతయితే "నేనిలా చెయ్యను" అని నూరుసార్లు రాయించేవారు. ఈవిడ వాణ్ణి కూర్చోబెట్టి, చిరిగిన ఆ నాలుగు కాయితాలూ పక్కవాడి కోసం శుభ్రంగా తిరగరాయించింది. రెండు రోజులు ఆటల పీరియడు పోయింది. కాస్త కఠినమే. కానీ ఆ కఠినానికీ వాడు చేసిన పనికీ సంబంధం ఉంది. పాడుచేసింది బాగుచేశాడు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు అక్షరాలు తనకంటే బాగున్నాయని పక్కవాడే అన్నాడట. ఇద్దరూ ఇప్పుడు ఒకే బెంచీ.

నూరుసార్లు రాయించడం మీద నాకు వేరే కోపం కూడా ఉంది లెండి. రాసుకుని బతికేదాన్ని నేను. రాయడమే ఒక శిక్షయితే, ఇన్ని నవలలు రాసిన నేను ఏ నేరం చేసిన యావజ్జీవ ఖైదీనో మీరే చెప్పాలి! చదువుకోవడానికని పంపిన చోట రాతనే దండనగా వాడితే, ఆ పిల్లవాడు రేపు కలం ముట్టుకుంటాడా?

"రైలుబడి" అని తెలుగులోకి వచ్చిన జపాను పుస్తకం మీలో చాలామంది చదివే ఉంటారు. టెట్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి రాసింది, 1981లో జపానులో అచ్చయింది. ఆ పిల్ల పర్సు మరుగుదొడ్డి గుంటలో పడిపోతే, వెతకడం కోసం గరిటె పుచ్చుకుని ఆ మురికంతా తోడి బయట పోస్తూంటుంది. హెడ్‌మాస్టరు కొబయాషిగారు అటుగా వచ్చి చూస్తారు. మనమయితే వీధి వీధంతా వినిపించేలా కేకలేస్తాం. ఆయన తిట్టలేదు, సాయమూ చెయ్యలేదు. అయిపోయాక అంతా మళ్ళీ లోపల పోసేస్తావు కదూ అని మాత్రం అడిగి వెళ్ళిపోయారు. ఆ పిల్ల పోసేసింది. పర్సు దొరకలేదు గాని, పెద్దయ్యాక పుస్తకంలో రాసుకునేంత గౌరవం ఆ పిల్లకి ఆ రోజు దొరికింది. నాకు మా చిన్నదాని టీచరులో ఆ హెడ్‌మాస్టరు పోలిక ఒకటి కనిపించింది. తప్పు పిల్లదైతే, దిద్దుకునే పని కూడా పిల్లకే వదిలేస్తుంది.

ఇక అసలు సంగతి. ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఆ క్లాసులో ఒక పద్ధతి ఉంది. తలుపు దగ్గర నిలబడాలి. జరుగుతున్న మాట పూర్తయ్యాక, లోపలికి రావచ్చా అని అడిగి, ఎందుకాలస్యమైందో అందరికీ చెప్పి కూర్చోవాలి. అంతే. పోయిన నెలలో ఒకరోజు మా చిన్నది స్కూలునుంచి గెంతుకుంటూ వచ్చింది.

"అమ్మా, అమ్మా! ఇవాళ మేడమే లేటు! తలుపు దగ్గర నిలబడి లోపలికి రావచ్చా అని మమ్మల్ని అడిగారు. మేమందరం రండి మేడమ్ అన్నాం. బస్సు దొరకలేదని చెప్పి అప్పుడు లోపలికొచ్చారు!"

దాని మొహం చూడాలి. ఆకాశంలో రెండో చందమామని చూసి వచ్చినట్టుంది. టీచరుకీ తమకీ ఒకటే నియమం అన్నది దానికి అంత పెద్ద వార్త. మర్నాటినుంచి ఆ క్లాసులో ఆలస్యాలు తగ్గాయా లేదా, నేను లెక్కపెట్టలేదు. మా ఇంట్లో మాత్రం పొద్దున్న జడ వేయించుకోవడానికి పిలవకుండానే వచ్చి కూర్చుంటోంది.

పిల్లలు కఠినంగా ఉండే టీచరుని క్షమిస్తారు. ఒక్కొక్కసారి ప్రేమిస్తారు కూడాను. అన్యాయం చేసిన టీచరుని మాత్రం ముసలివాళ్ళయినా క్షమించరు. కావాలంటే మీ ఇంట్లో ఎనభై ఏళ్ళ తాతగారినడగండి. తిన్న దెబ్బలు నవ్వుతూ చెబుతారు. చెయ్యని తప్పుకి తిన్న ఒక్క దెబ్బ చెప్పేటప్పుడు మాత్రం గొంతు మారుతుంది. నాకు తోచింది ఇదీ: నియమం పెట్టినవాళ్ళని కూడా కట్టేదైతే అది క్రమశిక్షణ. చెయ్యి బలంగా ఉన్నవాళ్ళని వదిలేసి మిగిలినవాళ్ళని మాత్రం కట్టేదైతే, దానికి ఏ పేరు పెట్టినా అది వట్టి బలం.

ఇదేదో పైదేశాలనుంచి దిగుమతి అయిన ఆలోచన అనుకుంటారేమో. తైత్తిరీయోపనిషత్తులో మొదటి భాగం పేరే శీక్షావల్లి. చదువు ముగించి ఇళ్ళకి వెళ్ళే శిష్యులకి అందులో గురువు ఎన్నో బుద్ధులు చెబుతాడు. వాటి మధ్యలో, మాలో మంచి నడవడి ఏదుందో దాన్నే అనుసరించండి, తక్కినదాన్ని వద్దు అని కూడా చెబుతాడు. అంటే గురువుగారిలో తక్కినది కూడా ఉంటుందన్నమాట! అది గురువే ఒప్పుకున్నాడన్నమాట! శిక్ష అన్న మాటకి మన తొలి అర్థం ఇంత దొడ్డది. దాన్ని మనం బెత్తం పాలు చేశాం.

పోయిన ఏడాది టీచరుని తిట్టడానికి మాత్రం నాకు మనసొప్పదు. ప్రాథమిక తరగతుల్లో సుమారు ముప్పైమందికి ఒక టీచరుండాలని చట్టం లెక్క. ఆవిడ క్లాసులో నలభై ఆరుమంది. మధ్యాహ్నానికి ఆవిడ గొంతు పోయేది. పైగా ఆవిడకి ఆవిడ భయాలున్నాయి. ప్రహ్లాదుడి చండామార్కుల్ని మనం ఎప్పుడూ ఆడిపోసుకుంటాం. శుక్రాచార్యుడి కొడుకులు, చదువుకున్నవాళ్ళు. మరి పిల్లవాడు తమకి నచ్చని మాటంటే అంత కంగారెందుకు పడ్డారు? వెనక హిరణ్యకశిపుడున్నాడు గనక. ఇది మేం నేర్పింది కాదు మహారాజా అని ముందు తమ తల కాపాడుకోవాలి గనక. తరగతిలో భయం టీచరు దగ్గర పుట్టదు. పైనుంచి జారుతుంది. ర్యాంకులెందుకు తగ్గాయని యాజమాన్యం అడుగుతుంది, పక్క స్కూలువాళ్ళు అప్పుడే గుణకారాలు చెప్పేస్తున్నారే అని మన తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు అడుగుతుంది, ఆ భయం మెట్లు దిగి దిగి చివరికి మూడో బెంచీలో కూర్చున్న ఏడేళ్ళ పిల్లమీద పడుతుంది. ఆ పిల్ల కింద ఇంకెవరూ లేరు, మహా అయితే ఒక బొమ్మ ఉంటుంది.

బొమ్మంటే గుర్తొచ్చింది. పిల్ల టీచరెలాంటిదో తెలుసుకోవాలనుకుంటే మీటింగులకి వెళ్ళడం కంటే, ఇంట్లో పిల్లలు టీచరాట ఆడేటప్పుడు వంటింటి గుమ్మంలో నిలబడి వినడం మేలు. పోయిన ఏడు మా చిన్నది బీరువా తలుపుని బోర్డు చేసి, స్కేలు పుచ్చుకుని, ఎలుగుబంటి బొమ్మనీ, తలగడల్నీ వరసగా కూర్చోబెట్టి చావబాదేది. "సైలెన్స్! పేరు రాస్తాను!" అని అరిచేది. నోరులేని ఆ తలగడ ఏం మాట్లాడిందో పాపం!

మొన్న ఆదివారం మళ్ళీ బడి పెట్టింది. ఎలుగుబంటి మంచం కింద పడిపోయి ఉంటే వెతికి తీసి, తలుపు దగ్గర నిలబెట్టింది. నేను బియ్యం ఏరుతూ చెవులు రిక్కించాను. స్కేలు చప్పుడు వినబడలేదు.

"ఏమ్మా, ఎందుకాలస్యమైంది?" అంది. కాసేపాగింది, ఎలుగుబంటి జవాబు చెప్పేంతసేపు. "ఓహో, మంచం కింద చీకటిగా ఉందా? సరే, వచ్చి కూర్చో."

మా అత్తగారు జపమాల పక్కనపెట్టి అటే చూస్తున్నారు. "ఎలుగుబంటికి చదువొస్తుందంటావా అమ్మాయ్?" అన్నారు నాతో, మెల్లగా.

"చూద్దాం అత్తయ్యగారూ. డౌట్లయితే అడుగుతోంది" అన్నాను.